కైమాకి అంత రేటెందుకు? అపోహలు - వాస్తవాలు

కావలిలో మాకు మాంసం కొట్టు ఉంది. ఆదివారం పొద్దున మొద్దు ముందు నిలబడితే రోజంతా వినిపించే మాటలు ఇవే. తీరిగ్గా జవాబు చెప్పడం అప్పుడు కుదరదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కైమా అంటే మిగిలిన ముక్కలే కదా, మటన్ కంటే చవగ్గా ఇవ్వాలి.

వాస్తవం: లెక్క చూడండి. ఉదయగిరి వైపు నుంచి 25 కిలోల పొట్టేలును 10,000 రూపాయలకు తెచ్చాననుకుందాం. తల, కాళ్లు, తోలు, పొట్ట, పేగులు పోగా చేతికొచ్చేది సుమారు 12 కిలోలు. అంటే ఎముకతో కలిపే కిలో 830 దాటింది. తలకాయ, కాళ్లు, బోటి అమ్మిన డబ్బు కోత కూలికి, బండి బాడుగకు పోతుంది. ఆ 12 కిలోల్లో ఎముక, పొరలు తీసేస్తే మెత్తటి కండ 9 కిలోలు మిగిలితే గొప్ప. కిలో 1,100 పడింది, కొట్టు అద్దె ఇంకా కలపలేదు. ఎముకలు సూప్‌కి అమ్ముడవుతాయి గానీ వాటికి కండ రేటు రాదు. ఒకప్పుడు తోలుకు మంచి ధర పలికేది, ఆ మేరకు మాంసం మీద భారం తగ్గేది. ఇప్పుడు తోలు కొనేవాళ్లే కరువయ్యారు.

అపోహ: పక్క కొట్లో రెండొందలు తక్కువ. మీరే ఎక్కువ తీసుకుంటున్నారు.

వాస్తవం: ముందు ఒక్క మాట అడగండి: తూకం ఎప్పుడు? కొందరు ఎముకతో కిలో తూచి, తర్వాత ఎముక తీసి కైమా కొట్టిస్తారు. ఇంటికెళ్లి తూస్తే ముప్పావు కిలో ఉంటుంది. ఇంకొందరు కండ తీశాకే తూస్తారు. ముందే చెప్తే రెండూ న్యాయమే. కొవ్వు, పొట్ట పొరలు కలిపేసి తక్కువ రేటు చెప్పడం మాత్రం మోసం. మిషన్‌లోంచి బయటికొచ్చాక ఏది కండో ఏది కొవ్వో చెప్పడం కష్టం. మా దగ్గరికొచ్చే ఒక పెద్దమ్మ తొడ ముక్క చూపించి "ఇది కొట్టు నాయనా" అంటుంది. ఆ వెంటనే "ముందు మిషన్‌లో ఇరుక్కున్నది తీసెయ్" అంటుంది. అందరూ అలా అడగాలి.

అపోహ: ఎండాకాలం గొర్రెలు చవగ్గా దొరుకుతాయి, కైమా రేటు మాత్రం దించరు.

వాస్తవం: మెట్టలో మేత, నీళ్లు అయిపోతే రైతు మంద తగ్గించుకుంటాడు, నిజమే. కానీ అప్పుడొచ్చే జీవం ఎండిపోయి ఉంటుంది. మన నెల్లూరు గొర్రెది పొడుగు కాళ్ల జాతి. బక్కచిక్కినా దూరానికి పెద్దదిగానే కనబడుతుంది. నడుం మీద చెయ్యి వేసి నొక్కితే వెన్నెముక వేళ్లకు గుచ్చుకుంటుంది. అలాంటి జీవంలో ఎముక పాళ్లు ఎక్కువ, కండ తక్కువ. సంతకు తెచ్చేముందు నీళ్లు పట్టించిన జీవమైతే రాత్రికే తూకం పడిపోతుంది. వానలు పడి పచ్చిక లేస్తే రైతు అమ్మడు, మేపుకుంటాడు. పైగా చెన్నై నుంచీ కొనేవాళ్లు వస్తారు. బక్రీద్, దసరా, కనుమ దగ్గరపడితే రేటు ఇంకా పైకే. కార్తీకంలో కాస్త నెమ్మదిస్తుంది.

అపోహ: ముందే కొట్టి పెట్టుకుంటే పని త్వరగా అవుతుంది కదా.

వాస్తవం: ముక్క మాంసం కంటే కైమా చాలా త్వరగా పాడవుతుంది. సన్నగా కొట్టాక గాలి, చెయ్యి, మిషన్ తగలని చోటంటూ ఉండదు. అందుకే మీరు అడిగాకే కొడతాను. పది నిమిషాలు పడుతుంది, ఆగండి. తీసుకెళ్లాక ఆ పూటే వండుకోండి.