రాత్రి పదకొండయినా పడుకోని పిల్లలు: అపోహలు - వాస్తవాలు

గుంటూరులో పిల్లల డాక్టరుగా జ్వరాలు, జలుబుల తర్వాత నేను ఎక్కువగా వినే ఫిర్యాదు ఇదే: "రాత్రి పదకొండయినా పడుకోడండీ, ఏదైనా మందు రాయండి." చూడబోతే చాలాసార్లు పిల్లాడు నిక్షేపంగా ఉంటాడు. గాడి తప్పింది ఆ ఇంటి సాయంత్రాలు. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లల విషయంలో తరచూ చెవిన పడే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: బాగా అలసిపోనిస్తే వాడే పడి నిద్రపోతాడు.

వాస్తవం: పగటి ఆటకైతే సరే. రాత్రి పూట ఇది బెడిసికొడుతుంది. నిద్రవేళ దాటిపోతే ఒంట్లో మెలకువగా ఉంచే హార్మోన్లు పెరుగుతాయి. దాంతో పిల్లాడు తూగడం మానేసి రెచ్చిపోతాడు. మంచమెక్కి దూకుతాడు, ఊరికే పకపకా నవ్వుతాడు, చెంచా కింద పడితే ఏడుస్తాడు. "ఎంత హుషారుగా ఉన్నాడో చూడండి, వీడికి నిద్రెక్కడొస్తుంది?" అంటారు ఇంట్లోవాళ్లు. ఆ హుషారు నిద్ర ముదిరిందనడానికి గుర్తు. కళ్లు నులుముకోవడం, చెవి లాక్కోవడం, ఆడుతూ ఆడుతూ ఎటో చూస్తూ ఉండిపోవడం కనపడగానే పక్క మీదికి చేర్చాలి.

మన ఊళ్లో దీనికో చిక్కుంది. మిర్చి యార్డు సీజన్లోనైనా, పట్నం బజారు కొట్లలోనైనా నాన్న ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర, పది. అప్పటికి తూగుతున్న పిల్లాడు బండి చప్పుడు వినగానే గుమ్మంలోకి పరుగు తీస్తాడు. ఎత్తి ఎగరేయడం, సందు చివరిదాకా బండి మీద ఒక రౌండు, ఏదో ఒక చాక్లెట్. నాన్నకి రోజు మొత్తంలో దొరికేది ఆ కాసేపే కాబట్టి వద్దనడానికి నాకూ నోరు రాదు. నేను అడిగేది ఇంతే. తొందరగా రాగలిగిన రోజు పడుకోబెట్టే వంతు నాన్నదే. స్నానం చేసొచ్చి, ట్యూబులైటు ఆపి, పక్కన చేరి ఒక కథ చెప్పాలి. రాలేని రోజు పిల్లాణ్ణి లేపకుండా వదిలేసి, పొద్దున్నే నిద్రలేపే పని తను తీసుకోవాలి. బండి మీద రౌండు అప్పుడు కొట్టొచ్చు.

అపోహ: ఆలస్యంగా పడుకుంటే ఆలస్యంగా లేస్తాడు. పగలు నిద్ర మాన్పిస్తే రాత్రి తొందరగా పడుకుంటాడు.

వాస్తవం: చాలామంది చిన్నపిల్లలు ఎప్పుడు పడుకున్నా లేచే వేళకే లేస్తారు, లోటు మిగిలిపోతుంది. అమెరికాలోని నిద్ర వైద్య నిపుణుల అకాడమీ 2016లో చెప్పిన లెక్క ప్రకారం పగటి కునుకుతో కలిపి ఒకటి, రెండేళ్ల పిల్లలకు 11 నుంచి 14 గంటలు, మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. స్కూలు ఆటో ఎన్నింటికొస్తుందో చూసుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్కేయండి. కునుకు మాన్పించక్కర్లేదు, సాయంత్రం నాలుగు దాటకుండా చూస్తే చాలు.

అపోహ: పాలసీసా నోట్లో పెడితే కడుపు నిండి తెల్లారేదాకా లేవడు.

వాస్తవం: ఇది నన్ను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టే అలవాటు. చిన్నపిల్లల నిద్ర ఇంచుమించు గంటకోసారి పలచబడుతుంది. నిద్రలోకి జారేటప్పుడు పక్కన ఏది ఉందో, మెలకువ వచ్చినప్పుడు దాన్నే వెతుక్కుంటారు. సీసాతో పడుకున్న పాప ఒంటిగంటకు సీసా అడుగుతుంది, మూడింటికి మళ్లీ అడుగుతుంది. ముందు పళ్లు పుచ్చిపోతాయి. రాత్రంతా పాలు తాగిన పాప పొద్దున ఇడ్లీ ముట్టదు, మధ్యాహ్నం పప్పన్నం రెండు ముద్దలతో సరి. పాలల్లో ఐరన్ చాలా తక్కువ కాబట్టి నెమ్మదిగా రక్తం తగ్గుతుంది. ఐరన్ తగ్గిన కొందరు పిల్లలు నిద్రలో కాళ్లు కొట్టుకుంటూ పొర్లుతూనే ఉంటారు. అది చూసి ఆకలనుకుని ఇంకో సీసా కలుపుతారు! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో సగం మందికి పైగా రక్తహీనత కనిపించింది. ఏడాది దాటాక రోజుకు అరలీటరు లోపు పాలు చాలు. అవీ గ్లాసుతో తాగించి, పళ్లు తోమించి, ఆ తర్వాత పక్క ఎక్కించండి.

అపోహ: ఫోను చూస్తూ మెల్లగా నిద్రపోతుంది.

వాస్తవం: కళ్లలో పడే వెలుగు నిద్ర తెప్పించే మెలటోనిన్ హార్మోన్‌ను తగ్గిస్తుంది, నిద్ర వెనక్కి పోతుంది. రెండేళ్లు నిండేదాకా అసలు స్క్రీన్ వద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పాప పడుకునే గదిలో సీరియల్ మోగుతున్నా ఇబ్బందే. ఈ మాట నాయనమ్మ గారికి నా పేరు మీదే చెప్పండి.

అపోహ: అర చెంచా జలుబు సిరప్ పోస్తే హాయిగా పడుకుంటాడు.

వాస్తవం: దయచేసి ఈ పని చేయొద్దు. చాలా జలుబు సిరప్‌లలో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందులను నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని లేబుల్ మీద వేయాలంటూ 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ కంపెనీలకు చెప్పింది. పైగా కొందరు పిల్లల్లో ఇవి నిద్రకు బదులు చిరాకు తెస్తాయి. గసగసాలు నూరి పాలల్లో కలిపి పట్టడం కూడా వద్దు. అవి నల్లమందు మొక్క గింజలే.

అపోహ: అర్ధరాత్రి కెవ్వుమని అరిస్తే గాలి సోకినట్టే.

వాస్తవం: పడుకున్న రెండు మూడు గంటల్లోపు లేచి కూర్చుని, కళ్లు తెరిచే ఉండి, అమ్మని కూడా గుర్తుపట్టకుండా అరిచే పిల్లలు ఉంటారు. గాఢనిద్రలోంచి సగమే బయటికొచ్చిన స్థితి అది. కుదిపి లేపొద్దు, మొహాన నీళ్లు కొట్టొద్దు. పడిపోకుండా పక్కన కూర్చోండి, కొద్ది నిమిషాల్లో తనే పడుకుంటాడు. పొద్దున ఏమీ గుర్తుండదు. నిద్ర చాలని రోజుల్లో ఇవి ఎక్కువ. ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీస్తామంటే నాకేం పేచీ లేదు. ఆ మిరపకాయల పొగ, సాంబ్రాణి పొగ మాత్రం పిల్లాడున్న గదిలోకి రానీయకండి.

పక్కలో వేసుకుంటే చెడిపోతారా అని కూడా అడుగుతుంటారు. ఏడాది దాటిన పిల్లలు అమ్మ పక్కన పడుకుంటే ఏమీ కాదు. పసిబిడ్డను మాత్రం అదే గదిలో, వేరే గట్టి పరుపు మీద, వెల్లకిలా పడుకోబెట్టాలి. చుట్టూ దిండ్లు పెట్టకూడదు.

జలుబు లేకపోయినా రోజూ గురక పెడుతున్నా, నోటితో ఊపిరి తీస్తున్నా, నిద్రలో శ్వాస ఆగి మళ్లీ ఎగపీలుస్తున్నా అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) వాచాయేమో చూపించుకోవాలి. వచ్చేటప్పుడు వాడు నిద్రపోతుండగా ఛాతీ కనపడేలా, చప్పుడు వినపడేలా రెండు నిమిషాల వీడియో తీసి పట్టుకురండి.