నలుగురికీ ఒకే మెయిల్ పంపితే: అపోహలు - వాస్తవాలు

తిరుపతి, చిత్తూరు ఆఫీసుల మెయిల్ సర్వర్లు చూసుకోవడం నా పని. తోతాపురి కాయ దిగే జూన్, జూలై నెలల్లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీల నుంచి ఫోన్లు ఎక్కువగా వస్తాయి. ఎగుమతి సెక్షన్ వాళ్లు ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు ఒకే మెయిల్‌లో పెట్టి విదేశీ కొనుగోలుదారుకు, చెన్నై షిప్పింగ్ ఏజెంటుకు, బ్యాంకుకు, ఆడిటరుకు కలిపి పంపుతారు. కాసేపటికి, “అన్నా, మెయిల్ ఎవరికీ పోలేదు, డెలివరీ ఫెయిల్డ్ అని వచ్చింది” అంటారు. సర్వర్ లాగ్ (ఏ మెయిల్ ఏమైందో సర్వర్ రాసుకునే చిట్టా) తీసి చూస్తే చాలాసార్లు ఒకరిద్దరికి తప్ప అందరికీ చేరే ఉంటుంది.

అపోహ: ఒక్క అడ్రస్ తప్పయితే మెయిల్ మొత్తం ఆగిపోతుంది.

వాస్తవం: ఎస్‌ఎమ్‌టీపీలో, అంటే సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ అందించుకునే పద్ధతిలో, ఎవరి లెక్క వారిదే. పంపే సర్వర్ ‘ఆర్‌సీపీటీ టు’ అంటూ ఒక్కో అడ్రస్ చెబుతుంది, అవతలి సర్వర్ ఒక్కోదానికీ జవాబిస్తుంది. 250 అంటే తీసుకుంటాను. 450 అంటే ఇప్పుడు కాదు, తర్వాత రా. 550 అంటే తీసుకోను, ఎక్కువగా అలాంటి మెయిల్‌బాక్స్ లేకపోవడం వల్ల. పదిమందిలో ఇద్దరిని కాదంటే మిగతా ఎనిమిదిమందికి పోతుంది, అందలేదని తిరిగొచ్చే బౌన్స్ మెయిల్‌లో ఆ ఇద్దరి అడ్రసులే ఉంటాయి. సబ్జెక్టు చూసి కంగారు పడకుండా లోపల చదవండి.

అయితే ఈ అపోహ ఊరికే పుట్టలేదు. మీ కంప్యూటర్ నుంచి మీ సొంత సర్వర్‌కు మెయిల్ వెళ్లేటప్పుడే ఒక అడ్రస్‌ను సర్వర్ కాదంటే, థండర్‌బర్డ్ లాంటి మెయిల్ ప్రోగ్రాములు మొత్తం పంపడమే మానేస్తాయి. అప్పుడు నిజంగానే ఎవరికీ పోదు. ఉద్యోగం మానేసి వెళ్లినవాళ్ల పాత అడ్రస్ కాంటాక్టుల్లో ఉండిపోయినప్పుడు ఇలా అవుతుంది. గుర్తుపట్టడం తేలిక. సెండ్ నొక్కగానే స్క్రీన్ మీద ఎర్రర్ వచ్చి, మెయిల్ ఇంకా మీ ముందు తెరిచే ఉంటే ఇదే. మెయిలర్-డెమన్ (సర్వర్ తనంతట తాను పంపే మెయిల్‌కు ఉండే పేరు) పేరుతో బౌన్స్ తర్వాత ఇన్‌బాక్స్‌లోకి వస్తే, పైన చెప్పినట్టు కొందరికే ఆగింది.

అపోహ: ఒకే కంపెనీలో ఐదుగురికి పంపితే ఐదూ తిరిగొచ్చాయి, కాబట్టి వాళ్ల సర్వర్ పాడైంది.

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. అడ్రసులకు జవాబు విడివిడిగా వస్తుంది గానీ, మెయిల్ లోపలి సరుకంతా అందుకున్నాక అవతలి సర్వర్ ఇచ్చే జవాబు ఒక్కటే. అది అప్పటిదాకా ఒప్పుకున్న ఐదుగురికీ వర్తిస్తుంది. అటాచ్‌మెంట్‌లో వైరస్ ఉందనో, స్పామ్‌లా ఉందనో ఆ దశలో కాదంటే, అడ్రసులన్నీ సరైనవే అయినా ఐదూ వెనక్కి వస్తాయి. మెయిల్ సర్వర్ నడిపే పోస్ట్‌ఫిక్స్ అనే ప్రోగ్రాము లాగులో ఆ లైను చివర ‘ఇన్ రిప్లై టు ఆర్‌సీపీటీ టు కమాండ్’ అనో, ‘ఇన్ రిప్లై టు ఎండ్ ఆఫ్ డేటా కమాండ్’ అనో రాసి ఉంటుంది. మొదటిదైతే ఆ అడ్రస్‌ను చూడాలి, అది సరైనదే అయితే మీ సర్వర్ ఐపీ (ఇంటర్నెట్‌లో దాని నంబరు) స్పామ్ పంపేవాటి బ్లాక్‌లిస్టు దేనిలోనైనా పడిందేమో చూడాలి. రెండోదైతే మెయిల్‌లో ఏం పెట్టారో చూడాలి. నేను ముందుగా వెతికేది ఈ ముక్కనే.

అపోహ: బౌన్స్ రాలేదంటే అందినట్టే.

వాస్తవం: 4తో మొదలయ్యే కోడ్ వస్తే మెయిల్ మీ సర్వర్ క్యూలోనే, అంటే పంపాల్సినవాటి వరసలోనే ఉంటుంది. పోస్ట్‌ఫిక్స్ మామూలు సెట్టింగుల్లో 5 రోజులు ప్రయత్నించాకే బౌన్స్ పంపుతుంది. అప్పటిదాకా ఆలస్యమవుతోందని పంపినవాళ్లకు ఒక్క మాట కూడా చెప్పదు, ఎందుకంటే ఆ హెచ్చరిక సమయం 0 గంటలుగా, అంటే ఆపేసి ఉంటుంది. ఎగుమతి పత్రాలకు 5 రోజుల మౌనం చాలా ప్రమాదం. నేను చూసే ప్రతి సర్వర్‌లో దాన్ని 4 గంటలకు మారుస్తాను, మీ వాళ్లతోనూ మార్పించండి. అనుమానం వస్తే ‘మెయిల్‌క్యూ’ (mailq) కమాండ్ కొట్టించండి. అందులో ఇంకా చేరాల్సినవాళ్ల అడ్రసులే కనిపిస్తాయి, పక్కనే కారణం ఉంటుంది.

బీసీసీలో పెడితే ఒక మెయిల్‌కు ఇన్ని అడ్రసులే అన్న లిమిట్ తగలదన్న నమ్మకం కూడా ఉంది. అది నిజం కాదు. మెయిల్‌లో పేరు కనబడదంతే, సర్వర్‌కు మాత్రం ప్రతి బీసీసీ అడ్రస్‌నూ చెప్పాల్సిందే. ఎస్‌ఎమ్‌టీపీ నియమాలు రాసిన ఆర్‌ఎఫ్‌సీ 5321 అనే పత్రం ప్రకారం ఏ సర్వరైనా ఒక మెయిల్‌కు కనీసం 100 అడ్రసులు తీసుకోగలగాలి. అవతలివాళ్ల హద్దు దాటితే 452 అంటారు. అది తాత్కాలికం, మిగిలినవాళ్లకు పంపే సర్వరే మరో విడతలో పంపుకుంటుంది.

అన్నిటికన్నా నష్టం చేసేది, ‘ఎందుకైనా మంచిది, అందరికీ ఇంకోసారి పంపుదాం’ అనే అలవాటు. ఒకసారి అందినవాళ్లకు రెండోసారి అందుతుంది. మధ్యలో ఇన్వాయిస్‌లో ఒక అంకె మారిందనుకోండి, బ్యాంకు దగ్గర రెండు కాపీలు ఉంటాయి, ఏది అసలుదో తేల్చుకునేసరికి పని ఆగుతుంది. లేని అడ్రసులకు పదేపదే పంపితే పెద్ద మెయిల్ సంస్థల దగ్గర మీ సర్వర్ పేరు చెడుతుంది. 5తో మొదలయ్యే కోడ్ వచ్చినవాళ్లకు మాత్రమే, కారణం సరిచేశాక పంపండి. 4తో మొదలైతే సర్వర్‌నే ప్రయత్నించనివ్వండి, మరీ అర్జెంటయితే అవతలివాళ్లకు ఒక ఫోన్ కొట్టండి.

మీ సర్వర్ చూసే మనిషికి చెప్పేటప్పుడు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పెట్టకండి, సగం కోడ్ అందులో తెగిపోతుంది. బౌన్స్ మెయిల్‌ను ఉన్నదున్నట్టు అటాచ్‌మెంట్‌గా ఫార్వర్డ్ చేసి, మీరు ఎన్ని గంటలకు పంపారో, ఎవరికి అందలేదో రాయండి. ఆ టైము, ఆ అడ్రస్ ఉంటే లాగులో సరైన లైను వెంటనే దొరుకుతుంది.