పాత కంప్యూటర్ ఆన్ అవ్వకపోతే అసలు పోయింది ఏంటి?

ఏళ్ళ తరబడి పనిచేసిన పాత డెస్క్‌టాప్ ఒకరోజు బటన్ నొక్కితే ఫ్యాన్ కాస్త తిరిగి ఆగిపోద్ది, మళ్ళీ నొక్కినా అంతే, ఇక ఇంట్లో అందరూ ప్రాసెసర్ కాలిపోయి ఉంటదనే అంటారు. పాపం దానికి చాలాసార్లు ఏమీ అయ్యుండదు, ర్యామ్ కూడా బాగానే ఉంటది. ముందు పోయేవి కెపాసిటర్లు.

మదర్‌బోర్డ్ మీద ప్రాసెసర్ పక్కనే వరసగా నిలబడి ఉంటాయి చూడండి, చిన్న చిన్న గుండ్రటి డబ్బాలు, అవే. లోపల సన్నటి అల్యూమినియం రేకులు, వాటి మధ్యలో ఎలక్ట్రోలైట్ అనే ద్రవంలో తడిపిన కాగితం, అంతా కలిపి చుట్ట చుట్టి పెడతారు. ఎస్ఎంపీఎస్, అంటే గోడ కరెంటుని కంప్యూటర్‌కి తగ్గట్టు మార్చి ఇచ్చే పవర్ సప్లై డబ్బా, దాన్నుంచి వచ్చే 12 వోల్టుల్ని బోర్డు ఒక వోల్టు దరిదాపుల్లోకి దించి ప్రాసెసర్‌కి ఇవ్వాలి, కానీ కరెంటు మాత్రం పదుల ఆంపియర్లు, అదీ సెకనుకి లక్షల సార్లు స్విచ్ చేస్తూ ఇవ్వాలి, ఆ ఎగుడుదిగుళ్ళన్నీ సాపు చేసేది ఈ డబ్బాలే.

ఆ ద్రవం అడుగున ఉన్న రబ్బరు సీల్ గుండా కొంచెం కొంచెంగా ఆవిరైపోతూనే ఉంటది. సాధారణ రకాలకి 105 డిగ్రీల దగ్గర 2000 గంటలు అని ఆయుష్షు ఇస్తారు, వేడి 10 డిగ్రీలు తగ్గినప్పుడల్లా అది దాదాపు రెట్టింపు అవుద్దని ఇంజనీర్ల మోటు లెక్క. అంటే 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు, రోజుకి ఆరు గంటలు వాడితే పద్నాలుగేళ్ళ పైమాట. దుమ్ము పట్టి లోపల ఇంకో 10 డిగ్రీలు వేడెక్కిందనుకోండి, అందులో సగం పోయినట్టే. ఏళ్ళ తరబడి దుమ్ము దులపని వాళ్ళకి ఇంతకంటే చెప్పేదేం లేదు!

ఇది రాత్రికి రాత్రి జరిగేది కాదు. పొద్దున్నే నాలుగైదు సార్లు నొక్కితే గానీ ఆన్ అవ్వదు, ఒక్కసారి ఆన్ అయ్యిందా ఇక రోజంతా ఢోకా ఉండదు, ఇలా కొన్నాళ్ళు నడిస్తే అదే హెచ్చరిక. ఎండిపోయిన కెపాసిటర్‌లో లోపలి రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డు, పెరుగుద్ది, చల్లగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ, అందుకే చల్లటి మెషీన్ మొరాయించి వేడెక్కాక మాట వింటది. ఎస్ఎంపీఎస్ లోపలా ఇలాంటి కెపాసిటర్లే ఉంటాయి. డెస్క్‌టాప్‌ల పవర్ సప్లైకి పెట్టిన ఏటీఎక్స్ అనే ప్రమాణం ప్రకారం 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 లోపే ఉండాలి, ఎస్ఎంపీఎస్ తన వోల్టేజీలు సరిగ్గా ఉన్నాయని పవర్ గుడ్ సిగ్నల్ ఇచ్చేదాకా బోర్డు అసలు మొదలే పెట్టదు. రోజూ ఆపకుండా నడిచే మెషీన్ ఒక్కసారి కరెంటు పోయి వచ్చాక లేవకపోవడానికి కూడా చాలావరకు కారణం ఇదే.

2000 తర్వాత కొన్నేళ్ళ పాటు వచ్చిన బోర్డుల్లో చాలావాటికి ఈ ఆయుష్షు కూడా దక్కలేదు, ఎలక్ట్రోలైట్ సరిగ్గా తయారవ్వక లోపల గ్యాస్ పుట్టి రెండు మూడేళ్ళకే డబ్బాల నెత్తి ఉబ్బిపోయేది. నెత్తి మీద గాట్లు పెట్టేది అందుకే, పేలకుండా అక్కడ చీలి గ్యాస్ బయటికి పోవాలని.

టైమూ డేటూ మారిపోతున్నాయంటే మాత్రం కంగారు అక్కర్లేదు, అది 3 వోల్టుల సీఆర్2032 బటన్ బ్యాటరీ అయిపోవడం, మారిస్తే సరి.

మెషీన్ ఇక లేవదని తేలినా హార్డ్ డిస్క్‌లో ఫైళ్ళు మామూలుగా అలాగే ఉంటాయి, తీసి యూఎస్‌బీ అడాప్టర్‌కి పెట్టి ఇంకో కంప్యూటర్‌లో చూసుకోవచ్చు. ముందు వేరే ఎస్ఎంపీఎస్ పెట్టి చూడండి, దాంతో లేచినా లేవొచ్చు. పాత ఎస్ఎంపీఎస్‌ని మాత్రం విప్పొద్దు, లోపలి పెద్ద కెపాసిటర్‌లో ప్లగ్ పీకేశాక కూడా 300 వోల్టుల పైనే నిలిచి ఉండొచ్చు.