లోహం ఉందని తెలిస్తే చాలదు

భద్రతా తనిఖీలో మనం దాటి వెళ్లే చట్రం కుయ్యిమంటే తెలిసేది తక్కువే: ఒంటిమీద ఎక్కడో లోహం ఉంది. కొత్తరకం చట్రాలు అది నడుము దగ్గరో, చీలమండ దగ్గరో కూడా చూపిస్తాయి. అది బెల్టు బకిలా, చాకా అన్న అసలు ప్రశ్న మాత్రం సిబ్బంది చేతులకే మిగులుతుంది.

దీని వెనక సూత్రం 1831లో ఫారడే కనిపెట్టినదే. తీగచుట్టలో దిశ మారే విద్యుత్తును పంపితే చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం కూడా మారుతూ ఉంటుంది. అందులో పడిన లోహంలో విద్యుత్తు సుడులు తిరుగుతుంది. ఆ సుడులు పుట్టించే బలహీనమైన క్షేత్రాన్ని మరో చుట్ట అందుకుంటుంది.

1881లో తూటా తగిలిన అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ శరీరంలో ఆ తూటాను వెతకడానికి గ్రాహం బెల్ ఇలాంటి పరికరాన్నే తెచ్చాడు. దొరకలేదు. పరుపు కింది ఉక్కు స్ప్రింగులు సంకేతాన్ని చెడగొట్టాయని చెబుతారు. పైగా వైద్యుడు కుడివైపే వెతకనిచ్చాడు, తూటా ఉన్నది ఎడమవైపు! నేరం పరికరానిది కాదనే నా అభిప్రాయం. అయితే లోతు సమస్య నిజమైనదే: చిన్న వస్తువు దూరం రెట్టింపైతే దాని నుంచి వచ్చే సంకేతం దాదాపు 64 రెట్లు తగ్గిపోతుంది.

ఉందో లేదో కాక, దాని ఆకారం చూపే చిత్రం కావాలంటే ఒక్క చుట్ట చాలదు. వస్తువు చుట్టూ ఎనిమిది పెడితే 28 జతలు. ఒక్కొక్కటీ వంతులవారీగా క్షేత్రాన్ని పంపితే మిగిలినవి కొలుస్తాయి. ఆ అంకెల నుంచి లోపలి ఆకారాన్ని కంప్యూటర్ వెనక్కి లెక్కగడుతుంది. చిక్కంతా అక్కడే. వేర్వేరు అమరికలు ఇంచుమించు ఒకే అంకెలు ఇవ్వగలవు. అందుకే ఈ బొమ్మలు ఎక్స్‌రేలంత స్పష్టంగా ఉండవు.

మరి ఎందుకీ శ్రమ? లోహపు పెట్టెలో దాచిన లోహం కోసం. క్షేత్రం ఎంత వేగంగా మారితే లోహంలోకి అంత తక్కువగా దిగుతుంది. రాగిలో 10 కిలోహెర్ట్జ్ వద్ద, అంటే సెకనుకు పదివేల ఆవృత్తులతో మారేటప్పుడు, అది అర మిల్లీమీటరు దాటగానే చాలావరకు క్షీణిస్తుంది. 50 హెర్ట్జ్ వద్ద 9 మిల్లీమీటర్ల దాకా వెళుతుంది. కాబట్టి పౌనఃపున్యం, అంటే ఆ మార్పు వేగం, తగ్గించాలి. అలా తగ్గిస్తే మామూలు చుట్టలు మందగిస్తాయి, వాటికి మార్పు వేగమే ఆహారం. రుబీడియం అనే లోహపు ఆవిరిపై లేజర్ ప్రసరింపజేసి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరమాణు మాగ్నెటోమీటర్లకు ఆ ఇబ్బంది లేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2017లో వీటితోనే లోహపు అడ్డు వెనక ఉన్న లోహాన్ని చిత్రించి చూపారు.

పింగాణీ కత్తి, ప్లాస్టిక్ పేలుడు పదార్థం ఈ పద్ధతికి అసలు కనిపించవు. ఉక్కు పెట్టె ఇంకా మొండిది: తానే అయస్కాంతంలా స్పందించి క్షేత్రాన్ని తన గోడల్లోనే పట్టి ఉంచుతుంది కనుక రాగి, అల్యూమినియంలతో పోలిస్తే దాని లోపలికి చూడడం చాలా కష్టం.