ఒక న్యూట్రాన్ ఇస్తే రెండిచ్చే బెరీలియం

ఫ్యూజన్ రియాక్టర్ (తేలికైన కేంద్రకాలను కలిపి శక్తి తీసే యంత్రం) గోడలకు బెరీలియం వద్దనుకుని టంగ్‌స్టన్ వేస్తున్నారట, ఇక దాని పని అయిపోయినట్టేనా అని ఒక పాఠకుడు అడిగారు. ఫ్రాన్సులో కడుతున్న ప్రయోగాత్మక ఫ్యూజన్ రియాక్టర్ ఐటర్ సంగతి అది. 2023లో గోడ లోహం మార్చాలని ప్రతిపాదించారు, మార్చారు కూడా.

గోడ విషయం త్వరగా చెప్పేస్తాను. లోపల మండే ఇంధనం, అంటే ఎలక్ట్రాన్లు ఊడిన వేడి వాయువు, ప్లాస్మా. దాని తాకిడికి గోడ నుంచి పరమాణువులు రాలి లోపల పడుతూ ఉంటాయి. బెరీలియానికి ఉన్నవి నాలుగే ఎలక్ట్రాన్లు, కోట్ల డిగ్రీల వేడిలో నాలుగూ ఊడిపోతాయి. టంగ్‌స్టన్‌కు 74. అంత వేడిలోనూ కొన్ని అంటిపెట్టుకునే ఉండి, ప్లాస్మా వేడిని కిరణాలుగా బయటికి తోడేస్తాయి. ఆ లెక్కన బెరీలియమే మేలు. ఇంగ్లండులోని జెట్ అనే ఫ్యూజన్ యంత్రం 2011 నుంచి ప్రధాన గోడకు దాన్నే వాడి, 2023లో 69 మెగాజౌళ్ల ఫ్యూజన్ శక్తితో రికార్డు కొట్టింది. కానీ బెరీలియం 1287 డిగ్రీలకే కరుగుతుంది, దాని ధూళి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. సరే, గోడ పోయింది.

నాకు దాని మీద మోజు గోడ వల్ల కాదు, గోడ వెనక అది చేయగల పని వల్ల. ఫ్యూజన్ ఇంధనంలో సగం ట్రిటియం అనే బరువైన హైడ్రోజన్. 12.3 ఏళ్లకే సగం తరిగిపోతుంది కాబట్టి తవ్వుకోవడానికి గనులేమీ ఉండవు. ఒక గిగావాట్ ఫ్యూజన్ శక్తి ఏడాదంతా రావాలంటే 55 కిలోల పైచిలుకు కాలిపోతుంది. రియాక్టరే దాన్ని పండించుకోవాలి.

ఇక్కడ రైతు విత్తనాల లెక్క వేయండి. వరి గింజ ఒకటి వేస్తే వందలు వస్తాయి. ఇక్కడ ఒకటి వేస్తే వచ్చేది ఒక్కటే! ట్రిటియం పరమాణువు ఒకటి కాలితే న్యూట్రాన్ ఒకటి, అది గోడ వెనక ఉంచే లిథియం-6 (లిథియంలో ఒక రకం) కు తగిలితే మళ్లీ ట్రిటియం ఒకటి. మరి పిట్టలు తినేదో? రియాక్టర్ ఉక్కు కొన్ని న్యూట్రాన్లను మింగేస్తుంది, గోడలో వదిలిన కంతల్లోంచి కొన్ని జారిపోతాయి. గాదెలో పురుగు కూడా ఉంది: నిల్వ ట్రిటియం ఏడాదికి అయిదున్నర శాతం దానంతటదే తరిగిపోతుంది. రెండో పంటకే విత్తనాలు చాలవు.

బెరీలియం ఆదుకునేది ఇక్కడే. బెరీలియం-9 కేంద్రకం అంటే దాదాపుగా రెండు హీలియం కేంద్రకాలు, వాటి మధ్య ఒక న్యూట్రాన్. చాలా కేంద్రకాల్లోంచి న్యూట్రాన్‌ను ఊడబెరకాలంటే 8 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల (కేంద్రకాల శక్తికి కొలత) దాకా కావాలి, దీనికి 1.67 చాలు. ఫ్యూజన్ న్యూట్రాన్ 14.1తో వచ్చి గుద్దుతుంది. న్యూట్రాన్ ఊడగానే మిగిలిన బెరీలియం-8 సెకనులో కోటి కోట్లవ వంతు కూడా నిలవదు, రెండు హీలియంలుగా విడిపోతుంది. పోయింది ఒక న్యూట్రాన్, వచ్చినవి రెండు. వాటి వేగమూ తగ్గుతుంది, లిథియం-6కు కావలసింది నెమ్మదైన న్యూట్రాన్లే.

1932లో బ్రిటిష్ శాస్త్రవేత్త చాడ్విక్ న్యూట్రాన్‌ను కనిపెట్టింది కూడా ఆల్ఫా కణాలతో (హీలియం కేంద్రకాలే) బెరీలియాన్ని కొట్టించే. మన పిల్లలు చాడ్విక్ పేరూ సంవత్సరమూ బట్టీ కొడతారు, ఆ లోహమే ఎందుకో అడిగితే నోరు విప్పరు. కారణం ఆ వదులు న్యూట్రానే. బుధుడి కోసం వేలికి పెట్టుకునే పచ్చలోనూ, కేతువు కోసం పెట్టుకునే వైడూర్యంలోనూ ఉన్నది ఈ మూలకమే. గ్రహాల మాట నేను నమ్మను గానీ, ఆ రాళ్లలో ఇలాంటి కేంద్రకం ఉందంటే మాత్రం ముచ్చటేస్తుంది.

చిక్కులూ ఉన్నాయి. పుట్టిన హీలియం ఎటూ పోలేక లోహంలోనే బుడగలు కడుతుంది, లోహం ఉబ్బుతుంది, ట్రిటియాన్ని పట్టి ఉంచుకుంటుంది. అందుకే టైటానియంతో కలిపిన బెరీలియంను పరీక్షిస్తున్నారు. ప్రపంచమంతా ఏడాదికి తీసే బెరీలియం కొన్ని వందల టన్నులే, పెద్ద ఫ్యూజన్ విద్యుత్కేంద్రం ఒక్కదానికే అన్ని వందలు పట్టవచ్చు. దానికి గట్టి పోటీ సీసం. సీసమూ న్యూట్రాన్లను పెంచుతుంది గానీ, దానికి 7 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. ఒకటి రెండు సార్లు గుద్దుకుని నీరసించిన న్యూట్రాన్ దానికి పనికిరాదు. అయినా చవక, దొరుకుతుంది. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థ మన దేశం తరఫున ఈ సీసం-లిథియం దారిలో పని చేస్తోంది.