కాలిలో నీరు దిగాల్సింది కాదు, ఎక్కాల్సింది: కాళ్ల వాపుపై అపోహలు - వాస్తవాలు

పోయిన నెల బిట్రగుంట వైపు నుంచి ఒక పెద్దామెను కొడుకు తీసుకొచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. ఎడమ కాలు రెండేళ్లుగా వాచి ఉంది. చీర అంచు కాస్త పైకి తీస్తే పిక్క నిండా కమిలిన మచ్చలు, కొన్ని నల్లగా, కొన్ని పచ్చగా. ఎక్కడైనా జారి పడ్డారేమో అనుకున్నాను. పడలేదట. కొడుకు రోజూ రాత్రి ఆముదం వెచ్చజేసి, మోకాలి నుంచి పాదం దాకా అరగంట సేపు పిండుతున్నాడు. "నీరంతా కిందికి దిగిపోవాలని మేడం" అన్నాడు. అతను బయటికెళ్లాక ఆమె నా చెయ్యి పట్టుకుని, "ప్రాణం పోతాది పాపా. వాడు పగలంతా కష్టపడొచ్చి చేస్తా ఉంటే వద్దని ఎట్టా చెప్పేది" అంది.

కావలిలో ఫిజియోథెరపిస్టుగా పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. ఇలా కమిలిన కాళ్లు నెలకు రెండు మూడైనా నా దగ్గరికొస్తాయి. చేసేవాళ్లంతా ప్రేమతోనే చేస్తారు. అందుకే ఈ ఒక్క విషయం గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

అపోహ: గట్టిగా రుద్దితే నీరు దిగిపోతుంది.

మనం "కాళ్లకు నీరు దిగింది" అంటాం, తగ్గితే "వాపు దిగింది" అంటాం. వినీ వినీ, ఆ నీరు పాదం వైపే పోవాలన్న నమ్మకం మనసులో పడిపోయింది. పాదంలో దానికి దారేది? కాలిలో చేరిన లింఫు, అంటే రక్తనాళాల నుంచి కండలోకి ఊరి వేరే సన్నని నాళాల్లో తిరిగిపోయే నీరు, పైకే ఎక్కాలి. పిక్క నుంచి మోకాలి వెనక గుంటకు, అక్కడి నుంచి గజ్జల్లోని బిళ్లలకు (లింఫు గ్రంథులకు), తర్వాత పొట్ట, ఛాతీ లోపలి నుంచి ఎడమ వైపు మెడ మొదట్లో ఉన్న సిరలో కలవాలి. కుడికాలి లింఫు కూడా ఆ ఎడమ వైపుకే చేరుతుంది. మోకాలి నుంచి కిందికి పిండడమంటే పోయే నీటిని వెనక్కి నెట్టడమే.

ఇక గట్టిగా అన్న మాట. లింఫును మోసే సన్నని నాళాలు చర్మం కిందే, పైపైనే ఉంటాయి. బలంగా నొక్కితే అవి మూసుకుపోతాయి. ఇంకా గట్టిగా పిండితే లోపలి చిన్న రక్తనాళాలు చిట్లి, ఆ చోట కొత్తగా ఇంకో వాపు మొదలవుతుంది. పెద్దవాళ్ల చర్మం ఉల్లిపొర లాంటిది. ఎక్కడైనా కాస్త చిట్లితే చాలు, క్రిములు లోపలికి పోతాయి. రాత్రికి చలిజ్వరం, తెల్లారేసరికి కాలు ఎర్రగా కాలిపోతుంటుంది. అలా ఇన్ఫెక్షన్ వచ్చిన ప్రతిసారీ మరికొన్ని లింఫు నాళాలు దెబ్బతిని, వాపు ఇంకో మెట్టు పెరుగుతుంది.

మరి మేం చేసేది ఏమిటి? చేత్తో మెల్లగా లింఫును పైకి కదిలించడం. దీన్ని మాన్యువల్ లింఫ్ డ్రైనేజ్ అంటారు. 1930ల్లో ఫ్రాన్స్‌లో పనిచేసిన డెన్మార్క్ దంపతులు ఎమిల్ వోడర్, ఎస్ట్రిడ్ వోడర్ దీనికి రూపమిచ్చారు. నూనె వాడం, చెయ్యి జారకూడదు కాబట్టి. మొదలుపెట్టేది వాచిన కాలి దగ్గర కాదు, మెడ దగ్గర, కాలరు ఎముక పైన ఉన్న పల్లంలో. తర్వాత పొట్ట నిండా నిదానంగా ఊపిరి తీయిస్తాం. ఆ తర్వాత గజ్జలు, తొడ, మోకాలు, పిక్క, చిట్టచివరికి పాదం. పెన్నా కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. మురుగు కాలువకు ముందు చివర పూడిక తీస్తారు, ఆ తర్వాతే వెనక నీళ్లు కదులుతాయి. అరచేతిని చర్మం మీద ఆనించి, అది ఎంతవరకు సాగుతుందో అంతవరకే పైకి జరిపి వదిలేస్తాం. వదిలినప్పుడు చర్మం తనంతట తాను వెనక్కి రావాలి. మళ్లీ జరపాలి. నిద్రపోయే పసిబిడ్డ చెంప నిమిరేంత బరువే చేతిలో ఉండాలి. చర్మం ఎర్రబడినా, నొప్పి అన్నా మేం తప్పు చేస్తున్నట్టే లెక్క.

"తాకినట్టే లేదే, కాసింత గట్టిగా పట్టమ్మా" అని ప్రతి పెద్దాయనా అడుగుతాడు. డబ్బులు ఇచ్చేది పట్టడానికే కదా అని ఇంట్లోవాళ్లకూ అనుమానం వస్తుంది. అర్థం చేసుకోగలను. అయినా గట్టిగా పట్టను.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. ఈ చేతి వైద్యం ఒక్కటే చేసి పంపిస్తే వాపు తొందరగానే తిరిగొస్తుంది. అసలు బరువు మోసేది కట్టు. వేళ్ల దగ్గర మొదలుపెట్టి, చీలమండ దగ్గర బిగువు ఎక్కువగా, పైకి పోయేకొద్దీ తక్కువగా, దూది మెత్తల మీద పొరలు పొరలుగా కట్టాలి. తక్కువ సాగే బ్యాండేజీ అయితే నడిచేటప్పుడు పిక్కను గట్టిగా అదుముతుంది, పడుకున్నప్పుడు వదులుగా ఉంటుంది. మెడికల్ షాపులో క్రేప్ బ్యాండేజీ కొని మోకాలి కింద మాత్రం చుట్టుకుంటే అది తాడు కట్టినట్టు బిగిసి, కింద పాదం బూరెలా ఉబ్బుతుంది. కట్టు ఉండగానే నడవాలి, చీలమండ ఆడించాలి. కొన్ని వారాలకు కాలు తగ్గి నిలకడకు వచ్చాక కొలత తీసి స్టాకింగ్ (కాలిని అదిమి ఉంచే బిగుతు మేజోడు) ఇస్తాం. అది పొద్దున మంచం దిగక ముందే తొడుక్కోవాలి.

కట్టే ముందు పాదం మీద నాడి చూస్తాం, అవసరమైతే డాప్లర్ (కాలిలో రక్తం ఎలా పారుతోందో చూపే స్కాన్) చేయిస్తాం. మన దగ్గర ఏళ్ల తరబడి చుట్ట కాల్చిన పెద్దవాళ్లు ఎక్కువ. ధమనులు సన్నబడిన కాలికి కట్టు బిగిస్తే రక్తం అందక కాలే పోవచ్చు. అందుకే వీడియో చూసి ఇంట్లో కట్టొద్దు.

అపోహ: వాపు ఏదైనా మసాజ్‌తో పోతుంది.

ఇది ప్రాణం మీదికి తెచ్చే మాట. రెండేళ్ల కిందట కందుకూరు నుంచి ఒకాయన వచ్చారు. తుంటి ఆపరేషన్ అయి మూడు వారాలు. రెండు రోజుల్లోనే ఒక్క కాలు బిగదీసుకుని వాచింది, పిక్క నొప్పి. నేను చెయ్యి వేయలేదు. వెంటనే డాప్లర్ స్కాన్‌కు పంపాను. "ఇంత దూరం వస్తే ముట్టుకోకుండానే పంపిస్తారా" అని కూతురికి కోపమొచ్చింది. స్కాన్‌లో లోపలి సిరలో గడ్డ కట్టిన రక్తం కనిపించింది. దాన్ని రుద్దితే ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఒక్క కాలు హఠాత్తుగా వాచినా, ఎర్రబడి జ్వరం వచ్చినా, వాపుతో పాటు ఆయాసం ఉన్నా ముందు డాక్టరు దగ్గరికే పోవాలి. గుండె, కిడ్నీ వల్ల రెండు కాళ్లకూ వచ్చే వాపుకు మా చేతి వైద్యం మందు కాదు. గుండె అదుపులో లేనప్పుడు ఆ నీటిని పైకి తోస్తే గుండెకు ఇంకా భారం.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

నీళ్లు తాగడం తగ్గిస్తే లింఫు వాపు తగ్గదు. గుండె, కిడ్నీ జబ్బులకు డాక్టరు కొలత చెబితే అది వేరే సంగతి. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే లాసిక్స్ బిళ్ల పక్కింటామెకు పనిచేసిందని మీరు వేసుకోకండి. లింఫు వాపుకు అది పనిచేయదు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల కూడా చీలమండలు వాస్తాయి. సొంతంగా ఆపకండి, డాక్టరుకు చెప్పండి, మార్చడానికి వేరే మందులున్నాయి.

బోదకాలు ముట్టుకుంటే అంటుకోదు. నెల్లూరు జిల్లాకు ఇది పాత జబ్బు. తెచ్చేది క్యూలెక్స్ దోమ. డీఈసీ మాత్రలు రక్తంలోని క్రిములను చంపుతాయి, అప్పటికే లావైన కాలిని సన్నబరచవు. అలాగని చేసేదేం లేదని మూల కూర్చోబెట్టకండి. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా మెత్తని గుడ్డతో అద్ది, పాచినచోట మందు రాస్తే జ్వరాలు రావడం చాలావరకు తగ్గిపోతుంది.

కాపడం గురించి రాయాలంటే మా అవ్వ గుర్తొస్తుంది. పొగాకు గ్రేడింగ్‌కు పోయి పొద్దస్తమానం కింద కూర్చునేది. సాయంత్రానికి పాదాలు పొంగేవి. ఉప్పు మూట పెనం మీద వేడి చేసి కాపడం పెట్టుకునేది. అవ్వకు షుగరు ఉంది, పాదాల్లో స్పర్శ పోయిందని ఎవరికీ తెలియదు. ఒక రాత్రి మడమ మీద బొబ్బ లేచింది. ఆ పుండు మానడానికి ఐదు నెలలు పట్టింది. వేడి వాపును పెంచుతుందే గానీ తగ్గించదు. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. ఆ మూట వేడి చేసి చేతికిచ్చింది నేనే.

బిట్రగుంట పెద్దామె కమిలిన మచ్చలు తగ్గేదాకా ఆగి, డాక్టరు సరే అన్నాక మొదలుపెట్టాం. పిక్క చుట్టుకొలత 43 సెంటీమీటర్ల నుంచి మూడు వారాల్లో 39కి వచ్చింది. కట్టు కట్టడం కొడుక్కే నేర్పించాను. బాగా కడుతున్నాడు.

మీ ఇంట్లో పెద్దవాళ్లను ఎక్కడ చూపించినా రెండు తీసుకెళ్లండి. వాళ్లు వాడే మందులన్నీ ఒక కవర్లో వేసి, బీపీ బిళ్లలతో సహా. పట్టీలు వదులు చేయగలిగే పెద్ద సైజు చెప్పుల జత ఒకటి. కట్టు కట్టాక పాత చెప్పుల్లో పాదం పట్టదు, ఒట్టి కట్టుతో నడిస్తే గచ్చు మీద జారతారు.