పాస్తాకి ఎన్ని విజిల్స్? (అపోహలు – వాస్తవాలు)

ఆదివారం రాత్రి ఏడున్నరకి ఒంగోలు నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, పాస్తాకి ఎన్ని విజిల్స్ రానీయాలి?"

చెన్నైలో ఒక హోటల్ కిచెన్‌లో ఎనిమిదేళ్లు కాంటినెంటల్ సెక్షన్ చూసి, ఇప్పుడు నెల్లూరులో ఇంటి దగ్గరే చిన్న కేటరింగ్ నడుపుకుంటున్నాను. పాస్తా మీద వందల ప్రశ్నలు విన్నాను గానీ ఇలాంటిది మాత్రం వినలేదు.

"ఇప్పటికి ఎన్ని వచ్చాయి?" అన్నాను.

"రెండు. మూడోది రావట్లేదు. వెయిట్ పక్కనుంచి తెల్లగా నురగ పొంగుతోంది."

"స్టవ్ ఆపెయ్. ఆవిరంతా పోయేదాకా మూత ముట్టుకోవద్దు."

అసలు పాస్తా మీద మనవాళ్లకున్న అపోహల్లో సగం ఈ కుక్కర్ దగ్గరే పుట్టాయి. కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

అపోహ: అన్నంలాగే కుక్కర్‌లో పడేస్తే చాలు.

పాస్తా ఉడికేటప్పుడు పిండిపదార్థం నీళ్లలోకి దిగి చిక్కటి నురగ కడుతుంది. ఆ నురగ పైకి లేచి వెయిట్ కింద రంధ్రానికి అడ్డం పడితే ఆవిరి పోయే దారి మూసుకుంటుంది. విజిల్ రాలేదంటే ఇంకా ఉడకలేదని అర్థం కాదు, టెన్షన్ పడాల్సిన సమయం వచ్చిందని అర్థం. మావాడు అరగంట ఆగి మూత తీసి వీడియో కాల్ చేశాడు. ముగ్గురు మనుషులకి అరకిలో పెన్నే ప్యాకెట్ మొత్తం వేశాడు. గొట్టాలన్నీ కలిసిపోయి కుక్కర్ ఆకారంలోనే ఒకే ముద్దయ్యాయి. మధ్యలో గరిట నిలబెట్టి చూపించాడు, ఎటూ వాలలేదు. మా మరదలు దాన్ని పళ్లెంలో బోర్లించి, చాకుతో మైసూర్‌పాక్‌లా బిళ్లలు కోసింది. ఆ రాత్రి వాళ్లు తిన్నది మాత్రం సందు చివర బండి మీది ఇడ్లీ.

సరైన పద్ధతి ఇదీ: మనిషికి 80 నుంచి 100 గ్రాములు, ప్రతి 100 గ్రాములకి ఒక లీటరు నీళ్లు, వెడల్పాటి గిన్నె, మూత వద్దు. ఉడికాక బరువు రెట్టింపు దాటుతుంది. ప్యాకెట్‌లో కొంచెంగా కనబడుతోందని చెయ్యి జారనివ్వకండి.

అపోహ: ఇది మనకు తెలియని వంట.

ఈ మాట వింటే నాకు మా అవ్వ గుర్తొస్తుంది. ఎసరు తెర్లేదాకా ఆగేది. బియ్యం వేసి ఒకసారి కలిపేది. కాసేపటికి గరిటతో నాలుగు మెతుకులు తీసి, ఒకదాన్ని బొటనవేలితో నొక్కి చూసేది. ఇంకా పలుకు ఉండగానే సిబ్బి మూసి, గుడ్డతో పట్టుకుని గంజి వార్చేది. చివరి ఉడుకు ఆ వేడికే అయిపోయేది. పాస్తా వండడమంటే అక్షరాలా ఇదే. ఇటలీ వాళ్లు 'అల్ దెంతె' అంటారు, పంటికి తగిలేలా అని. అంత దూరం పోనక్కర్లేదు, మనకు 'పలుకు' అన్న మాట ఉంది. మొలగొలుకుల వరి పండించిన జిల్లా మనది. మెతుకు పదును చూసుకోవడం మనకొకరు నేర్పాలా?

అంటే మన చేతికి పాస్తా రాకపోవడం కాదు, కుక్కర్లు వచ్చాక గంజి వార్చడం మరిచిపోయాం.

ఒక్క తేడా ఉంది. గంజిని సింకులో పారబోయకండి. మా ఇంట్లో కూడా ఎవరూ పారబోసేవాళ్లు కాదు లెండి, ఉప్పు, మజ్జిగ కలిపి మాకు తాగించేవాళ్లు. పాస్తా వార్చేముందు ఒక గ్లాసు నీళ్లు తీసి పక్కన పెట్టుకోండి. అందులోని పిండిపదార్థం నూనెనీ నీళ్లనీ విడిపోకుండా పట్టి ఉంచుతుంది. సాస్ ముక్కకు అంటుకుని నిగనిగలాడేది దానివల్లే. ఒక నిమిషం ముందే పాస్తాని వార్చి, సాస్‌లో వేసి, ఈ నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ తిప్పండి. మిగతా ఉడుకు అక్కడే పడుతుంది. హోటల్ పాస్తాకీ ఇంటి పాస్తాకీ ఉన్న తేడాలో ముప్పావు వంతు ఈ ఒక్క గ్లాసే.

అపోహ: నీళ్లలో నూనె వేస్తే అంటుకోదు.

నూనె నీళ్ల మీద తేలుతుంది, పాస్తా అడుగున ఉంటుంది. రెండింటికీ భేటీ ఎక్కడ? పొంగు కొంచెం తగ్గుతుందంతే. అంటుకోకూడదంటే వేసిన మొదటి రెండు నిమిషాలు కలుపుతూ ఉండాలి.

అపోహ: ఉప్పు వేస్తే నీళ్లు త్వరగా మరుగుతాయి.

లీటరుకి పది గ్రాములు వేస్తే మరిగే వేడి ఒక డిగ్రీలో ఆరో వంతు పెరుగుతుంది. అంటే లెక్కకి ఇంకాస్త ఆలస్యమే తప్ప తొందర కాదు. ఉప్పు వేసేది రుచికి. పాస్తా లోపలికి ఉప్పు దిగేది ఉడికేటప్పుడే, తర్వాత పైన ఎంత చల్లినా లాభం లేదు.

దీనికి తోడు "నీళ్లు సముద్రమంత ఉప్పగా ఉండాలి" అని ఒక పెద్ద మాట వంటవాళ్ల నోట్లో తిరుగుతుంటుంది. మైపాడు బీచ్‌లో ఒక్కసారైనా అల నోట్లోకి పోయినవాళ్లు ఆ మాట అనరు. సముద్రపు నీళ్లలో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పుంటుంది. మనకు కావలసింది పది, అంటే సుమారు రెండు టీ చెంచాలు.

అపోహ: గోడకేసి కొడితే అంటుకోవాలి, అప్పుడే ఉడికినట్టు.

మా పెద్దవాడు ఇది ఎక్కడో చూసి, నేను బజారుకు పోయినప్పుడు పరీక్ష పెట్టాడు. స్పగెట్టి అంటుకుంది. అంటుకున్నదాన్ని మరిచిపోయాడు కూడా. రెండు రోజుల తర్వాత గోడ మీద బల్లి తోక అనుకుని మా ఆవిడ కేక పెట్టింది. గీకితే సున్నంతో సహా ఊడొచ్చింది. ఎంత మెత్తబడితే అంత బాగా అంటుకుంటుంది, కాబట్టి ఈ పరీక్ష చెప్పేది 'ఉడికింది' అని కాదు, 'మించిపోయింది' అని. ప్యాకెట్ మీద రాసిన టైముకి రెండు నిమిషాల ముందు ఒక ముక్క కొరికి చూడండి. మధ్యలో సూది మొనంత తెల్లచుక్క మిగిలితే వార్చేయొచ్చు.

అపోహ: పాస్తా అంటే మైదా.

ఎండు పాస్తాని డ్యూరమ్ అనే గట్టి రకం గోధుమ రవ్వతోనే చేయాలని ఇటలీలో 1967లో చట్టమే చేశారు. మన దగ్గర రెండు రకాలూ దొరుకుతాయి. ప్యాకెట్ వెనక 'డ్యూరమ్ వీట్ సెమోలినా' అని ఉందేమో చూడండి. మైదాది త్వరగా జావవుతుంది. సగం ఇళ్లలో తప్పు వంటవాళ్లది కాదు, ప్యాకెట్‌ది.

అపోహ: వైట్ సాస్ అంటే పాలు మరిగించడమే.

ఈ అపోహ నాదే, ఒక రాత్రికి. మా అత్తగారు వచ్చారు. అల్లుడి చేతివంట అని ముందే ఊరించి పెట్టాను. తీరా చూస్తే మైదా డబ్బా ఖాళీ. పాలు చిక్కగా మరిగిస్తే సరిపోదా అనుకుని, అందులోనే పుల్లటి నాటు టమాటా గుజ్జు పోశాను. కళ్లముందే పాలు విరిగి, పచ్చటి నీళ్లలో తెల్ల ముక్కలు తేలాయి. అత్తగారు నాతో ఏమీ అనలేదు. కూతురి వైపు తిరిగి, "ఏందమ్మా, అల్లుడుగారు పన్నీరు చేస్తున్నారా?" అన్నారు. ఎనిమిదేళ్ల అనుభవం ఆ ఒక్క ముక్కతో గంగలో కలిసింది.

వెన్న, మైదా సమానంగా తీసుకుని పచ్చివాసన పోయేదాకా వేయించి, పాలు కొద్దికొద్దిగా పోయాలి. ఆ పిండి ఉంటే పాలు అంత సులువుగా విరగవు. టమాటాని వేరుగా మగ్గించి, సన్నటి సెగ మీద చివర్లో కలపాలి. చీజ్ వేసేది మాత్రం స్టవ్ ఆపాకే. మంట మీద వేస్తే తీగలు సాగి ఉండకడుతుంది.

అపోహ: మార్కో పోలో చైనా నుంచి పాస్తా తెచ్చాడు.

ఇది నాకిష్టమైన అపోహ, ఎందుకంటే ఆయనకీ మన తీరానికీ ఒక చుట్టరికం ఉంది. ఆయన యాత్రా కథనంలో 'ముత్ఫిలి' అని వచ్చేది మోటుపల్లే. నిన్నమొన్నటి దాకా ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల. అక్కడి రాణి గురించి, వజ్రాల గురించి, సాలెగూడంత సన్నటి బట్టల గురించి చెప్పాడు. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారులు అంటారు. ఆయన వెనిస్ తిరిగి చేరింది 1295లో. అప్పటికే 1279 నాటి జెనోవా దస్తావేజు ఒకదానిలో ఒక సైనికుడి ఆస్తి జాబితాలో మాకరోనీ ఉంది. అంతకుముందే 1154లో అల్ ఇద్రీసీ అనే అరబ్ భూగోళ పండితుడు సిసిలీలో గోధుమ సేమియా లాంటిది చేసి ఓడలకెక్కిస్తున్నారని రాశాడు. ఆ లెక్కన మన పాయసంలో సేమియా కూడా పాస్తా చుట్టమే, మనమే పట్టించుకోలేదు.

అపోహ: చేపల పులుసులాగే మర్నాటికి ఇంకా బాగుంటుంది.

బాగుండదు. రాత్రంతా సాస్‌ని పీల్చుకుని ఉబ్బి, ఫ్రిజ్‌లో బిగుసుకుపోతుంది. నా వంట క్లాసులకు వచ్చేవాళ్లకి ఇది గట్టిగా చెబుతాను. చెప్పి ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున చూస్తే, అవ్వ మిగిలిన పాస్తాకి ఆవాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకుతో తిరగమోత పెట్టి, పైన నిమ్మకాయ పిండి టిఫిన్‌గా లాగించేస్తోంది. గిన్నె అడుగున మిగిలింది నేనూ తిన్నాను. బాగుంది. క్లాసులో మాత్రం ఇంకా చెప్పలేదు.